తలుపుకు నూనె డబ్బా

రంజాన్ పండుగ వెళ్ళాక వచ్చిన రెండో మంగళవారం, పొద్దున పదింబావుకు, దోహా పక్కన ఉమ్ సలాల్ దగ్గరున్న మా కంపెనీ వంటశాలలో, ఫ్రీజర్ గది తలుపు ముందు, స్టోర్ ఇన్‌చార్జి సుధాకర్ ఒక మనిషితో ఇలా అన్నాడు: "నిన్ను లోపలికి నూకి తలుపేస్త. రేపు పొద్దుగాల చేపలతోటి కలిపి తీస్తరు. ముసలోడు కాలుజారి పడ్డడు అంటరు. అడిగెటోడెవడు?"

నేను విన్నాను. నా చెవులు బాగానే పనిచేస్తాయి.

ఆ మనిషి మొన్న శుక్రవారం చనిపోయాడు. ఫ్రీజర్‌లో కాదు. జగిత్యాల దగ్గర, తన ఇంట్లో, మంచం మీద, జ్వరంతో. కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. "మల్లయ్య చాచా, అబ్బా పోయిండు." ఎప్పుడు అన్నాను. చెప్పాడు. మట్టి అయిపోయిందా అన్నాను. అయిపోయిందన్నాడు. నాకు ఏడుపు రాలేదు. చేతిలో గిన్నె ఉంటే కడిగి బోర్లించాను.

ఫోన్ పెట్టేస్తాడనుకుంటే పెట్టలేదు. "ఒక్కమాట చాచా. అబ్బా దుబాయ్ నుంచి వచ్చినకాడికెళ్ళి ఇంట్ల ఏ తలుపూ మూయనియ్యకపోయె. బాత్రూం తలుపు సుత. బిందెనో చెప్పులో అడ్డం పెడుతుండె. ఎందుకు అబ్బా అంటే గాలి కోసం అంటుండె. ఆఖరు దినం అమ్మితోటి 'డబ్బా పెట్టినవా' అన్నడు. రెండుసార్లు అన్నడు. ఏం డబ్బా చాచా?"

మా దిక్కున అరబ్బు దేశం ఏదైనా దుబాయే. ఫోన్‌లో చెప్పే మాట కాదు, రాసి పంపుతానన్నాను. నాకు రాయడం వచ్చని వాడు నమ్మినట్టు లేదు. నాకు ఆ రాయడం నేర్పింది వాళ్ళ నాన్నే.

ఆయన పేరు రాయను. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

వంటశాలలో అందరూ ఆయన్ని చాచా అనేవాళ్ళు. నేను భాయ్ అనేవాణ్ణి, ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే వయసు కాబట్టి. ఆయన నన్ను మల్లన్నా అనేవాడు. ఆయనది ఫ్రీజర్ చూసే పని. నాది గిన్నెలు కడిగే పని. నా తొట్టికీ ఆయన తలుపుకూ మధ్య ఒక మనిషి పడుకునేంత జాగా.

బయట రోడ్డు మీద చెప్పులు అంటుకుపోయే ఎండలో కూడా ఆయన ఒంటి మీద గోధుమరంగు స్వెటర్ ఉండేది, నెత్తిన కోతిటోపీ ఉండేది. క్యాంప్ బస్సులో కూడా విప్పేవాడు కాదు. కూరగాయలు కోసే యాదగిరి రోజూ ఒకటే మాట అడిగేవాడు: "చాచా, కాశ్మీర్ పోతున్నవా?" ఆయన కూడా రోజూ ఒకటే మాట చెప్పేవాడు: "వీసా దొరకలే బిడ్డా. అందుకే గీ పెట్టెల తిరుగుతున్న." ఇద్దరూ ప్రతిరోజూ కొత్తగా విన్నట్టే నవ్వేవాళ్ళు. నాకు నవ్వు వచ్చేది కాదు.

లోపలికి వెళ్ళే ముందు బుగ్గన లవంగం పెట్టుకునేవాడు. "నోరు తిమ్మిరెక్కితే చలి తెల్వది మల్లన్నా" అనేవాడు. ఓసారి నేనూ పెట్టుకుని వెళ్ళాను. నోరు తిమ్మిరెక్కింది. చలి చలిగానే ఉంది. ఆ మాటే చెప్పాను. "నీకు నమ్మకం తక్కువ" అన్నాడు. ఆ లవంగాల కోసం శుక్రవారం నమాజు అయ్యాక అల్ దోహా అల్ జదీదా దాకా బస్సులో వెళ్ళేవాడు. మా క్యాంప్ పక్క దుకాణంలో దొరికేవి కావా అంటే దొరికేవి. కానీ అవి తల రాలినవట. తల ఉన్న లవంగంలోనే దమ్ము ఉంటుందట. దుకాణం ముందు నిలబడి ఒక్కొక్కటి వాసన చూసి ఏరుకుంటుంటే, అమ్మేవాడు "యల్లా చాచా, యల్లా" అని చేతులూపేవాడు. ఆయన కదిలేవాడు కాదు.

ఆయన నోట తిట్టు రాదు. వంటమాస్టర్ కోపంతో గరిటె విసిరితే అది వచ్చి ఆయన భుజానికి తగిలింది ఓసారి. గరిటె తీసి నా తొట్టిలో వేసి "ఆయనకు ఇయ్యాల నిద్ర సాలనట్టుంది" అన్నాడు. గంగారాం అని ఇంకో కూరగాయల మనిషి, నోరు ఊరుకోదు వాడికి, పందెం కట్టాడు. "చాచా, నువ్వు ఒక్క తిట్టు తిట్టు. వారం దినాలు నీ బట్టలు నేను పిండుత." ఆయన చాలాసేపు ఆలోచించి "గాడిద" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. చప్పట్లు ఆగకముందే "గాడిద సుత మంచిదేరా, బరువు మోస్తది" అన్నాడు. పందెం రద్దయింది. తన బట్టలు తానే పిండుకున్నాడు.

తేమ ఎక్కువ ఉండే రోజుల్లో ఫ్రీజర్ తలుపు బయట చెమట పట్టినట్టు నీరు పడుతుంది. దాని మీద వేలితో అక్షరం రాసేవాడు. కింద నన్ను దిద్దమనేవాడు. ఆయన ఊళ్ళో తెలుగు బడిలో చదివాడు, నమాజు ఎంత శుభ్రంగా చదివేవాడో ఒత్తులు అంత శుభ్రంగా రాసేవాడు. నేను దిద్దేలోపే అక్షరం కారిపోయేది. "కారిపోతేనే మంచిది, మళ్ళ రాస్తం" అనేవాడు. అట్లా వచ్చింది నాకు చదువు. అరవై దగ్గరపడ్డాక.

ఇప్పుడు తలుపు సంగతి. ఆ తలుపుకు లోపలి పిడి విరిగిపోయి చాలాకాలమైంది. తలుపు పడిందంటే లోపలున్న మనిషి తీసుకోలేడు. బయటి నుంచి ఎవరో తీయాలి. బాగుచేయించమని చెబితే "ఇన్షాల్లా" అనేవాళ్ళు. అందుకని ఆయన లోపలికి వెళ్ళేటప్పుడు "మల్లన్నా, పోతున్న" అనేవాడు. నేను "పో" అనేవాణ్ణి. తలుపు తట్టగానే తీసేవాణ్ణి. బయటికొచ్చి "వచ్చిన" అనేవాడు. రోజంతా ఇదే మా ముచ్చట. పోతున్న. పో. వచ్చిన.

ఆ మంగళవారం ఏమైందంటే, కోడిమాంసం పెట్టెల మీద తేదీ కాగితాలు మార్చమన్నాడు సుధాకర్. పాతది పీకి కొత్తది అతికించాలి. ఆయన కాగితాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "ఇది తినెటోళ్ళు బడిపిల్లలు సార్" అన్నాడు. సుధాకర్ చెడ్డవాడని కాదు. మా జిల్లా పక్కవాడే, చదువుకున్నవాడు, పైనుంచి వాడికీ ఒత్తిడి ఉంటుంది. ఇంకోసారి చెప్పాడు. ఈయన మళ్ళీ "పిల్లలు సార్" అన్నాడు. అప్పుడు వాడు ఆ మాట అన్నాడు. తెలుగులోనే అన్నాడు. ఆయన చేతిలోని కాగితాలు కింద పడ్డాయి. వంగి తీయలేదు. తలుపు పట్టుకుని నిలబడ్డాడు. స్వెటర్ వేసుకున్న మనిషి, ఆ వేడిలో, వణకడం నేను చూశాను.

మరునాటి పొద్దున ఖాళీ నూనె డబ్బా ఒకటి తెచ్చి, అందులో ఉప్పు నింపి, తలుపు సందులో పెట్టి లోపలికి వెళ్ళాడు. "పోతున్న" అనలేదు. తలుపు సరిగ్గా పడకపోయేసరికి చలి బయటికి కారి, కాసేపటికి చలి కొలిచే మీటరు కీకీ మని మొత్తుకుంది. ఐస్‌క్రీం కాస్త మెత్తబడితే మనసు పాడుచేసుకునే మనిషి, మీటరు మొత్తుకుంటున్నా డబ్బా తీయలేదు. నేనున్నాను కదా భాయ్ అన్నాను. "ఉన్నవ్ లే" అన్నాడు. అంతే.

వారం తిరగకముందే పోలీస్ స్టేషన్‌కు పోదాం పా అన్నాడు. నేను అనలేదు, ఆయనే అన్నాడు. నాకు ఆశ్చర్యమైంది. "కేసు పెడతవా?" అన్నాను. "కేసు గీసు కాదు. ఒకసారి పెద్దోళ్ళు పిలిచి చెప్తే సుధాకర్ సార్ ఇంకోళ్ళతోటి అట్ల అనకుంట ఉంటడు. ఆయన బాగు కోసమే" అన్నాడు.

స్టేషన్‌లో మంచిగానే చూశారు. కూర్చోమన్నారు, నీళ్ళిచ్చారు. ఉర్దూ తెలిసిన మనిషిని పిలిచారు. ఏమన్నాడు అని అడిగారు. ఈయన చేతులు ఒళ్ళో పెట్టుకుని, "కోపంల ఉండె సాబ్. లోపల ఉంచుత అన్నడు" అన్నాడు. చేపల మాట లేదు. ముసలోడు కాలుజారిన మాట లేదు. నేను మోచేత్తో పొడిచాను. "గంతే మల్లన్నా, మిగతాది పెద్దల ముందట అనే మాట కాదు" అన్నాడు నాతో, తెలుగులో. నా వంతు రాగానే నేను మొత్తం చెప్పాను. రాసేవాడు కలం ఆపి ఈయన వంక చూశాడు. ఈయన నేల చూశాడు.

సుధాకర్‌ను పిలిపించారు. వచ్చి, ఏదో కోపంలో అన్న మాట, తప్పే, అన్నాడు. రాజీ అవుతారా అని అడిగారు ఈయన్ని. కాదనలేదు, ఔననలేదు, "అల్లా మాలిక్" అన్నాడు. ఆ మాటను ఏ గడిలో రాయాలో వాళ్ళకు తెలియలేదు. కాగితం నియాబాకు పంపారు. నియాబా అంటే కేసు నడపాలా వద్దా తేల్చే సర్కారు వకీళ్ళ ఆఫీసు.

అక్కడ ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. ముందు ఆయన వెళ్ళాడు, తర్వాత నేను. వకీలు చిన్న వయసువాడు, గొంతు పెంచని మనిషి. పక్కన ఉర్దూలో చెప్పేవాడు. ఇద్దరితో మాట్లాడింది ఉర్దూలోనే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"ఆ మాట అన్నప్పుడు అతను భయపడ్డాడా?"

"పడ్డడు సాబ్. చేతిలో కాగితాలు కింద పడ్డయి. వణికిండు. అప్పటిసంది తలుపుకు డబ్బా పెడుతున్నడు."

వకీలు ముందున్న కాగితం చూశాడు. ఉర్దూ మనిషితో ఏదో అన్నాడు. "నీ స్నేహితుడు భయం లేదని చెప్పాడు. రెండుసార్లు అడిగాం, రెండుసార్లు లేదన్నాడు. మీ ఇద్దరిలో ఎవరి మాట రాసుకోవాలి?"

"ఆయన భయం ఆయనే చెప్పాలె. కానీ చెప్పడు సాబ్" అన్నాను.

"చెప్పనిది మేం రాసుకోలేం" అన్నాడు వకీలు. కసురుకోలేదు. వాడి పని వాడు చెప్పాడు.

బస్సులో అడిగాను. "భయం లేదని ఎందుకన్నవ్?"

ఆయన కిటికీలోంచి చూస్తూ లవంగం బుగ్గ మార్చుకున్నాడు. "గడ్డం నెరిసినోన్ని. ఐదు పూటలు నమాజు చదివేటోన్ని. ముందట కూసున్నది సుత నమాజు చదివేటోడే. ఆయన ముందట మనిషికి భయపడ్డ అని ఎట్ల చెప్పాలె? అల్లాకు తప్ప ఎవ్వరికీ భయపడ అన్న."

"మరి డబ్బా ఎందుకు పెడుతున్నవ్?"

"డబ్బా తలుపు కోసం."

నాకు కోపం వచ్చింది. "అల్లాకు తెల్సు గానీ వకీలుకు తెల్వాలె కద భాయ్!" అన్నాను. ముందు సీట్లో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆయన నా మోకాలి మీద చెయ్యి వేశాడు. "లొల్లి చెయ్యకు. ఒక్కటి మాత్రం యాది పెట్టుకో. ఇక నా పేరు ఏ కాగితంల రావద్దు. ఇయ్యాల ఆ కాగితంల నా పేరు పక్కన సుధాకర్ సార్ పేరు రాసిన్రు. మంచిగ అనిపియ్యలే." ఆ చెయ్యి చల్లగా ఉంది. ఎప్పుడూ చల్లగానే ఉండేది.

కొన్ని వారాలకు ఫోన్‌కు అరబ్బీలో కబురు వచ్చింది. మా క్యాంప్‌లో చదవగలిగినవాడు చదివి "ఖలాస్ చాచా, ఫైల్ మూసేసిన్రు" అన్నాడు. ఆయన "అల్‌హమ్దులిల్లా" అన్నాడు. ఆ సాయంత్రం సుధాకర్ ఖర్జూరాల డబ్బాతో వచ్చి ఆయన్ని కావలించుకున్నాడు. "మనసుల పెట్టుకోకు చాచా." "అరే సార్, నేనేం పెట్టుకున్న!" భాయ్ ఆ ఖర్జూరాలు అందరికీ పంచాడు. నాకు రెండు ఇచ్చాడు. మరునాడు పొద్దున నూనె డబ్బా తలుపు సందులోనే ఉంది.

ఆ చలికాలంలో స్వీడన్ నుంచి ఒక ఆడమనిషి తనిఖీకి వచ్చింది, మా తిండి కొనే కంపెనీ తరఫున. శిరీష మేడం వెంట తిప్పింది. ఈ శిరీష మేడం మా దగ్గర క్వాలిటీ చూసే హైదరాబాదు అమ్మాయి, అల్ మన్సూరాలో కాపురం. స్వీడన్ మేడం డబ్బా దగ్గర ఆగి, చలి బయటికి పోతోంది, ఇదెందుకు అంది. భాయ్ లోపల ఉన్నాడు. నేను చెప్పాను శిరీష మేడంకు. పిడి సంగతి, సుధాకర్ మాట, పోలీసు, వకీలు, భయం లేదన్న మాట, అంతా. ఆమె ఇంగ్లీషులో చెప్పింది. స్వీడన్ మేడం రాసుకోవడం ఆపేసింది. కాసేపు ఇద్దరూ మాట్లాడుకున్నారు.

"ఏమంటున్నది మేడం?"

శిరీష మేడం చెప్పింది: "వాళ్ళ దేశంలో ఈవిడ ఒక దుకాణం తనిఖీకి వెళితే, మీ పిల్లలు ఏ బడికి వెళతారో నాకు తెలుసు అన్నాడట ఆ దుకాణం ఆయన. పోలీసులకు చెప్పిందట. వాళ్ళూ ఇవే అడిగారట మల్లయ్యా. ఏ మాట అన్నాడు, అప్పుడు మీకు భయం వేసిందా, ఎవరు విన్నారు. ఈవిడ భయం వేసిందనే చెప్పిందట. కానీ విన్నవాళ్ళు ఎవరూ లేరు. ఆయన అనలేదన్నాడు. కొన్నాళ్ళకు అక్కడి సర్కారు వకీలు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందట, రుజువు చేయలేం, మూసేస్తున్నాం అని. ఆ ఉత్తరం ఫ్రిజ్ మీద అంటించి పెట్టిందట."

"ఎందుకు?"

శిరీష మేడం అడిగింది. స్వీడన్ మేడం భుజాలు ఎగరేసింది. అప్పుడే భాయ్ పెట్టె మోసుకుంటూ బయటికొచ్చాడు. ఆమెను చూసి పెట్టె దించి, కోతిటోపీ తీసి, సలాం చెప్పాడు. ఆమె కూడా చెయ్యి గుండె మీద పెట్టుకుంది. భాష లేదు కదా.

ఆమె తన తనిఖీలో పిడి గురించి రాసింది. వారంలో కొత్త పిడి వచ్చింది. శిరీష మేడం స్వయంగా లోపలికి వెళ్ళి తలుపేసుకుని, పిడి నొక్కి బయటికొచ్చి చూపించింది. "చూడండి చాచా, ఇక డబ్బా అక్కర్లేదు." ఆయన "షుక్రియా బేటీ" అన్నాడు. పిడిని ఒకటికి నాలుగుసార్లు నొక్కి చూశాడు. ఆమె వెళ్ళాక డబ్బాను కాలితో జరిపి మళ్ళీ సందులో పెట్టాడు. ఇల్లు చేరేదాకా పెడుతూనే ఉన్నాడు. ఇల్లు చేరాక కూడా పెట్టాడని ఇప్పుడు వాళ్ళబ్బాయి చెబితే తెలిసింది.

వెళ్ళే రోజున స్వెటర్ నాకిచ్చాడు. నాకు బిగుతైంది. జేబులో నాలుగైదు లవంగాలు ఉన్నాయి. అవి ఇప్పుడూ ఉన్నాయి, నేను వాడలేదు.

ఒక సంగతి మిగిలింది. నియాబా వాళ్ళు యాదగిరినీ గంగారాంనూ కూడా పిలిచారు. ఇద్దరూ ఒకటే చెప్పారు: పొగ లాగే ఫ్యాన్ చప్పుడుకు ఏమీ వినబడలేదని. ఫైల్ మూసేశాక, క్యాంప్‌లో చపాతీలు కాల్చుకుంటూ యాదగిరి ఆ మాట నాతో అన్నాడు. "మరేం చెయ్యాలె మల్లన్నా, నాకు ఇద్దరు ఆడపిల్లలు." చపాతీ మాడింది, తిప్పమన్నాను.

బాబూ, నువ్వు అడిగిన డబ్బా ఇది. నీ తండ్రికి భయం వేసింది. ఆయన చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నాను. ఆ మంగళవారం పొద్దున అక్కడ ఎవరెవరున్నారో అది కూడా రాస్తున్నాను.

మాట అన్న సుధాకర్. కూరగాయల బల్ల దగ్గర ఎడమ పక్క యాదగిరి, కుడి పక్క గంగారాం. పొయ్యి దగ్గర వంటమాస్టర్ సెల్వం, నేపాల్ హరి. వాళ్ళిద్దరికీ తెలుగు రాదు, అరుపు మాత్రం విన్నారు. తొట్టి దగ్గర నేను, మల్లయ్య. నా తొట్టిలో పొగ ఫ్యాన్ రెక్కలు నానుతున్నాయి, ఆ పొద్దున కడగడానికి విప్పింది నేనే. తలుపు దగ్గర, బుగ్గన లవంగంతో, మీ నాన్న.